మీ బ్యాటరీలు చెడిపోలేదు, ఆకలితో పోయాయి

ప్రశ్న: నమస్తే సార్. మా నాన్నగారి 1999 మోడల్ బుల్లెట్ 350 ఇప్పుడు నేను నడుపుతున్నాను. 12 వోల్టుల బండి, కిక్ స్టార్ట్, పాయింట్ల ఇగ్నిషన్. ఆయన పోయాక రెండేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. నిరుడు దసరాకి ముందు మొత్తం విప్పించి ఛాసిస్‌కి పౌడర్ కోటింగ్, కొత్త వైరింగ్ చేయించి, ముందు రెండు ఎల్ఈడీ ఫాగ్ లైట్లు పెట్టించాను. అప్పటి నుంచి రెండు బ్యాటరీలు పోయాయి, ఇప్పుడున్నది మూడోది. రాత్రిపూట ఇరవై కిలోమీటర్లు వెళ్లేసరికి హార్న్ గొంతు పోతుంది, ఇండికేటర్లు కొట్టుకోవు. ఒకసారి ఇంజన్ మిస్ అయ్యి దారిలోనే ఆగిపోయింది. చిత్రం ఏమిటంటే అమ్మీటర్ సూది ప్లస్ వైపే ఉంటుంది. హెడ్‌లైట్ కూడా రేస్ ఇస్తే ఇంకా బాగా వెలుగుతుంది. రెగ్యులేటర్ కొత్తది వేశారు, తేడా లేదు. ఒక ఎలక్ట్రీషియన్ ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూశాడు. ఇంజన్ ఆగలేదు, ఛార్జింగ్ బాగానే ఉందన్నాడు. మెకానిక్ మాత్రం ఎడమ పక్క కేసు విప్పి ఆల్టర్నేటర్ కాయిల్ మార్చాల్సిందే అంటున్నాడు. ఏం చేయమంటారు? చీకటిపడ్డాక బండి తీస్తే అమ్మ నేను వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడుతోంది.
— ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

సమాధానం: కేసు ఇప్పుడే విప్పించకండి. ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్, అందులోని రాగి తీగ చుట్టే కాయిల్. మీరు రాసిన ఉత్తరంలోనే ఆ కాయిల్ బతికే ఉందనడానికి మూడు ఆధారాలున్నాయి.

మొదటిది హెడ్‌లైట్. రేస్‌తో పాటు వెలుగు పెరుగుతోందంటే అది బ్యాటరీ మీద కాకుండా నేరుగా ఆల్టర్నేటర్ మీద వెలుగుతోందని అనుకోవచ్చు. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, స్విచ్ నొక్కి చూడండి. వెలగకపోతే అదే నిజం. అప్పుడు రోటర్ (ఆల్టర్నేటర్‌లో తిరిగే భాగం) మాగ్నెట్‌లో బలం ఉన్నట్టే. అయితే ఇలాంటి బండ్లలో హెడ్‌లైట్‌కి ఒక చుట్టు, బ్యాటరీ ఛార్జింగ్‌కి ఒక చుట్టు విడివిడిగా ఉంటాయి. కాబట్టి హెడ్‌లైట్ వెలిగినంత మాత్రాన ఛార్జింగ్ చుట్టు బాగుందని ఒప్పుకోలేం. ఆ సంగతి మిగతా రెండు ఆధారాలు చెబుతాయి.

రెండోది ఆ ఎలక్ట్రీషియన్ చేసిన పని. పాయింట్ల బండికి స్పార్క్ రావాలంటే డీసీ కరెంటు కావాలి. బ్యాటరీ తీసేసినా ఇంజన్ నడిచిందంటే ఆ కరెంటు ఛార్జింగ్ చుట్టు నుంచి, రెగ్యులేటర్ గుండా వచ్చిందే. కాయిల్ పూర్తిగా పోయి ఉంటే ఇంజన్ ఆ క్షణమే ఆగేది. కానీ దయచేసి ఆ పరీక్ష ఇంకెప్పుడూ చేయనివ్వకండి. డైనమో రోజుల్లో అలవాటైన పద్ధతి అది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉన్న బండిలో వోల్టేజీ ఎగిరిపడకుండా పట్టి ఉంచేది బ్యాటరీయే. ఇంజన్ నడుస్తుండగా దాన్ని తీసేస్తే వోల్టేజీ ఒక్కసారిగా లేచి రెగ్యులేటర్‌నీ బల్బులనీ కాల్చేయగలదు. పైగా కరెంటు వస్తోందని తెలుస్తుంది తప్ప, సరిపడా వస్తోందో లేదో తెలియదు.

మూడోది అమ్మీటర్. సూది ప్లస్‌లో ఉంటే బ్యాటరీ వైపు కరెంటు వెళ్తున్నట్టే. మరి బ్యాటరీ ఎందుకు ఖాళీ అవుతోంది? ఫాగ్ లైట్ల వైరు ఎక్కడ కలిపారో చూడండి. నాకు తెలిసి పదిలో ఎనిమిది బండ్లకు నేరుగా బ్యాటరీ టెర్మినల్ మీదే బిగిస్తారు, పని తేలిక కాబట్టి. అమ్మీటర్ ఉండేది బ్యాటరీకీ మిగతా వైరింగ్‌కీ మధ్యలో. దానికి తెలిసేది తన గుండా పోయే కరెంటు ఒక్కటే. బ్యాటరీ టెర్మినల్ దగ్గర్నుంచి ఫాగ్ లైట్లు లాక్కునే కరెంటు దాని కంట పడదు. రెండు లైట్లూ కలిపి 40 వాట్లు అనుకుంటే అవి సుమారు 3 ఆంపియర్లు తింటాయి. సూది ప్లస్ 2 చూపిస్తోందనుకోండి. బ్యాటరీ దాకా వచ్చేది 2, అక్కడి నుంచి పోయేది 3. సూది ప్లస్‌లోనే ఉంటుంది, బ్యాటరీ మాత్రం గంటకు ఒక ఆంపియర్-అవర్ (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే ఖర్చయ్యేంత) చొప్పున తరిగిపోతూ ఉంటుంది. బజారులో, సిగ్నళ్ల దగ్గర ఐడిల్‌లో ఉన్నప్పుడైతే ఆల్టర్నేటర్ ఇచ్చేది ఇంకా తక్కువ, కాబట్టి ఇంకా త్వరగా తరుగుతుంది. మీ అమ్మీటర్ అబద్ధం చెప్పడం లేదు. దానికి కనిపించేంత వరకే చెబుతోంది.

ఇక నా అనుమానమంతా ఉన్నచోటికి వస్తాను. అది పౌడర్ కోటింగ్.

మన బండ్లలో ప్రతి కరెంటుకీ రెండు దారులుంటాయి. పోయే దారి వైరు. వచ్చే దారి చాలావరకు ఇనుమే, అంటే ఇంజన్ బాడీ, ఛాసిస్, వాటిని పట్టుకున్న బోల్టులు. దాన్నే మనం ఎర్త్ అంటాం. పౌడర్ కోటింగ్ అంటే ఇనుము మీద కరిగించి అతికించిన ప్లాస్టిక్ లాంటి గట్టి పొర. చూడటానికి అందంగా ఉంటుంది, తుప్పు పట్టనివ్వదు, కరెంటును కూడా పోనివ్వదు. ఇంజన్ బిగించే ప్లేట్ల దగ్గర, బ్యాటరీ మైనస్ వైరు బిగించే చోట, రెగ్యులేటర్ కూర్చునే చోట ఆ పొర గీకకుండా బోల్టులు బిగించేసి ఉంటే కరెంటు బోల్టు మరల గుండా ఎలాగోలా పాకుతూ పోతుంది. అందుకే బండి స్టార్ట్ అవుతుంది, లైట్లు వెలుగుతాయి, అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ దారి ఇరుకు.

ఇరుకైతే ఏమవుతుందంటారా? రెగ్యులేటర్ పని తన దగ్గర వోల్టేజీ సుమారు 14 దాటకుండా చూడటం. అది చూసుకునేది తన రెండు కొసల మధ్య వోల్టేజీనే. బోరు దగ్గర నిలబడి నీళ్లు బాగా పోస్తోందనుకోవడం వేరు, ఆఖరి మడి తడిసిందా లేదా అని వెళ్లి చూడటం వేరు కదా. మధ్యలో ఎర్త్ దారిలో 1 వోల్టు పోతే, రెగ్యులేటర్ దగ్గర 14.2 ఉన్నా బ్యాటరీకి అందేది 13.2 మాత్రమే. రెగ్యులేటర్ మాత్రం తన పని అయిపోయిందనుకుని తగ్గించేస్తుంది. 13.2 దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎన్ని గంటలు తిరిగినా సరిగా నిండదు. రోజూ అరకడుపుతో ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, నాలుగైదు నెలలకే మూలపడుతుంది. మీ రెండు బ్యాటరీలూ అలా పోయినవే అయి ఉంటాయి. రెగ్యులేటర్ మార్చినా తేడా రాకపోవడానికి కారణం కూడా ఇదే కావచ్చు. కొత్తది వెళ్లి కూర్చున్నది ఆ పెయింటు మీదే కదా.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట సూర్యాపేట దాటాక రాత్రి తొమ్మిదింటప్పుడు నా బండి ఇలాగే ఆగిపోయింది. లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే, వెనక లైటు కూడా లేని బండిని రెండు కిలోమీటర్లు తోసుకుంటూ నడిచాను. తర్వాత కాయిల్ మార్పించాను, రెగ్యులేటర్ మార్పించాను. చివరికి దొరికింది ఇంజన్ బోల్టు కింద పెయింటుతో పాటు బిగించేసిన ఒక ఎర్త్ వైరు. మీ అమ్మగారు గుమ్మంలో నిలబడుతున్నారని చదివినప్పుడు నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది.

సరే, పనిలోకి దిగుదాం. మీకు కావలసింది ఒక డిజిటల్ మల్టీమీటర్. ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. మీరు కొన్న బ్యాటరీల్లో ఒక్కదాని ఖరీదు కన్నా చాలా తక్కువ. చేతి ఉంగరం, గడియారం తీసేయండి. బండిని ఆరుబయట పెట్టండి.

ముందు బ్యాటరీ. ఇది నిండకుండా తర్వాత కొలిచే ఏ అంకెనూ నమ్మలేం. బ్యాటరీ బయటికి తీసి (మైనస్ వైరు ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి) గాలి ఆడే చోట నెమ్మదిగా ఛార్జింగ్ పెట్టించండి. దాని మీద రాసిన ఆంపియర్-అవర్ అంకెలో పదో వంతు కరెంటు చాలు. 5 ఏహెచ్ అయితే అర ఆంపియర్. గంటలో నింపేస్తామనే షాపులకు ఇవ్వకండి, పెద్ద కరెంటుకు చిన్న బ్యాటరీ ప్లేట్లు వంగిపోతాయి. నిండాక ఐదారు గంటలు ఊరికే వదిలేసి కొలవండి. 12.6 నుంచి 12.8 వోల్టుల మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. 10.5 దగ్గరే ఆగిపోతే ఆరు సెల్లుల్లో ఒకటి పోయింది, దానికి మందు లేదు. 12.6 చూపించిన బ్యాటరీ కూడా హార్న్ నొక్కగానే 11 కిందికి జారిపోతుంటే అది పైకి మాత్రమే బాగుంది, లోపల చచ్చింది.

బ్యాటరీ సరిగా ఉంటే బండిలో పెట్టి, ఫాగ్ లైట్లు ఆపి, ఇంజన్ స్టార్ట్ చేయండి. మీటరు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, పిన్నులను నేరుగా బ్యాటరీ సీసపు టెర్మినళ్లకే ఆనించండి, వైరు కొసలకు కాదు. మధ్యస్థంగా రేస్ ఇచ్చి పట్టుకుంటే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అసలు కదలకుండా 12.5 దగ్గరే ఉంటే ఛార్జింగ్ పూర్తిగా రావడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పింది, బ్యాటరీ నీళ్లు ఇగిరిపోతాయి, బల్బులు మాడతాయి. మీకు 13.2 అటూఇటూగా వస్తుందని నా అంచనా.

ఆ అంకె కాగితం మీద రాసుకుని తర్వాతి పరీక్ష చేయండి. అన్నిటికన్నా విలువైనది ఇదే, కానీ చాలామంది చేయరు. ఇంజన్ అలాగే నడుస్తుండగా నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద, ఎర్ర పిన్ను ఇంజన్ మీద పెయింటు లేని ఏదైనా బోల్టు తల మీద పెట్టండి. ఎవరైనా బ్రేక్ నొక్కి, హార్న్ కొడుతూ ఉండాలి. రెండూ ఎర్తే కాబట్టి సున్నాకు దగ్గరగా, ఎక్కువలో ఎక్కువ 0.2 వోల్టు చూపించాలి. 0.5 చూపించినా, 1 చూపించినా దొంగ దొరికాడు. ఇంజన్ దగ్గర బాగుంటే ఎర్ర పిన్ను రెగ్యులేటర్ బాడీ మీద పెట్టి చూడండి. ఆ తర్వాత ఛాసిస్ మీద, ఎక్కడైనా ఇనుము బయటికి కనిపించే చోట. ఏ రెండు చోట్ల మధ్య అంకె పెరిగిందో ఆ మధ్యలోనే జబ్బు ఉంది.

ఎలక్ట్రీషియన్లు ఇంజన్ ఆపి, మీటరు బీప్ పెట్టి, “కూస్తోంది, ఎర్త్ ఓకే” అంటారు. బీప్‌ని నమ్మకండి. 0.2 ఓమ్ అడ్డు ఉన్నా మీటరు కూస్తుంది. కానీ అదే దారిలో 5 ఆంపియర్లు పారితే 1 వోల్టు అక్కడే పోతుంది. కరెంటు పారుతుండగా కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

ప్లస్ వైపు కూడా ఇదే పద్ధతి. రెగ్యులేటర్ నుంచి బయటికి వచ్చే ప్లస్ వైరు మీద ఎర్ర పిన్ను, బ్యాటరీ ప్లస్ మీద నల్ల పిన్ను. 0.3 దాటకూడదు. దాటితే మధ్యలో ఉన్న ఫ్యూజు హోల్డర్, తాళం స్విచ్, కనెక్టర్లు, అమ్మీటర్ వెనక నట్లు ఒక్కొక్కటీ చూడాలి. కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి ఉంటే అక్కడ వేడెక్కుతోందని గుర్తు. బుల్లెట్ అదురుడుకి అమ్మీటర్ నట్లు వదులవడం మామూలే, కొత్త వైరింగ్ అయినా సరే ఒకసారి బిగించి చూడండి. అన్నట్టు, వైరు రంగుల్ని నమ్ముకోకండి. పాతికేళ్ల బండిలో, అందులోనూ బయట చేయించిన వైరింగ్‌లో, పుస్తకంలో ఉన్న రంగులు ఉండాలని లేదు. ప్రతి తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూసుకోవాల్సిందే.

ఎర్త్‌లో తేడా వస్తే బాగుచేయడం చాలా తేలిక. ముందు తాత్కాలికంగా చూడండి. ఇంజన్ ఆపి, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ బోల్టుకి, అక్కణ్నుంచి రెగ్యులేటర్ బాడీకి గట్టిగా బిగించండి. అది పొరపాటున కూడా ప్లస్‌కి తగలకూడదు. మళ్లీ స్టార్ట్ చేసి బ్యాటరీ మీద వోల్టేజీ కొలవండి. 13.2 కాస్తా 14కి ఎగబాకితే మీ వేట ముగిసింది, కాయిల్‌కి ఏమీ కాలేదు.

తర్వాత అదే వైరును రెండు కొసలకీ లగ్గులు (బోల్టు దూరే రంధ్రమున్న లోహపు కొసలు) వేయించి శాశ్వతంగా బిగించుకోండి. ఛాసిస్ మీద ఎర్త్ పాయింట్ దగ్గర కూడా రూపాయి బిళ్లంత మేర కోటింగ్ గీకి, ఇనుము మెరిసేలా ఎమరీ పేపరు పట్టి, పళ్లున్న వాషర్ వేసి బిగించి, బిగించాక పైన వాజెలిన్ పూయాలి. అంత డబ్బు పెట్టి చేయించిన కోటింగ్ గీకమంటే మనసొప్పదని తెలుసు. టూల్ బాక్స్ వెనక ఎవరికీ కనపడని చోటు అది. కిందికి తుప్పు పాకకుండా వాజెలిన్ చూసుకుంటుంది.

ఫాగ్ లైట్ల వైరును బ్యాటరీ టెర్మినల్ మీద నుంచి తీయించేయండి. తాళం ఆన్ చేస్తేనే పనిచేసే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ద్వారా, సొంత ఫ్యూజుతో, అమ్మీటర్‌కి బ్యాటరీ లేని అవతలి వైపు నుంచి కరెంటు ఇప్పించండి. అప్పుడు అవి ఎంత తింటున్నాయో సూదే చెబుతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు వాటిని ఆపేయండి. హైవే మీద, ఇంజన్ స్థిరంగా తిరుగుతున్నప్పుడు వేసుకోండి. అప్పటికీ సూది మైనస్‌లోకే పోతుంటే ఒక లైటు తీసేయాల్సిందే. ఆ రోజుల్లో ఆల్టర్నేటర్‌ని ఎల్ఈడీలను ఊహించి తయారుచేయలేదు కదా.

ఇంకో చిన్న సంగతి. చీకట్లో ఎవరినైనా వెనక నిలబెట్టి, బ్రేక్ నొక్కకుండా బ్రేక్ లైటు వెలుగుతోందేమో చూడమనండి. బండి విప్పి బిగించాక బ్రేక్ స్విచ్ సరిగా సెట్ చేయక, లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉండిపోయిన బండ్లు చాలా చూశాను. 21 వాట్ల బల్బు అది. ముప్పావు గంట ప్రయాణంలో ఒక ఆంపియర్-అవర్ కన్నా ఎక్కువే తినేస్తుంది.

రాత్రి బాగున్న బ్యాటరీ తెల్లారేసరికి దిగిపోతోందంటే అది వేరే జబ్బు, లీకేజీ. తాళం ఆఫ్ చేసి, మైనస్ వైరు విప్పి, మీటరును ముందు 10 ఆంపియర్ల దగ్గర, తర్వాత మిల్లీఆంపియర్ల దగ్గర పెట్టి ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య ఆనించండి. గడియారం లాంటివేవీ లేని మీ బండిలో దాదాపు సున్నా రావాలి. మీటరు అలా ఉండగా తాళం ఆన్ చేయకండి, దాని ఫ్యూజు పోతుంది.

ఇవన్నీ సరిగా ఉండి, ఎర్త్ సరిచేశాక కూడా 13 దాటకపోతేనే కాయిల్ వైపు చూడాలి. అప్పుడు కూడా కేసు విప్పక్కర్లేదు. కాయిల్ నుంచి రెగ్యులేటర్‌కి వెళ్లే కనెక్టర్ ఊడదీసి, మీటరు ఏసీ 200 వోల్టుల దగ్గర పెట్టి, కాయిల్ వైపు ఛార్జింగ్ తీగల మధ్య కొలవండి. రేస్‌తో పాటు అంకె ఆగకుండా ఎక్కుతూ పోవాలి. ఎంత రేస్ ఇచ్చినా రెండు మూడు వోల్టుల దగ్గరే వేలాడుతుంటే కాయిలో, దాని తీగో పోయినట్టు. మీ బండిలో ఆల్టర్నేటర్ ప్రైమరీ చైను పక్కనే, ఆయిల్‌లో ఉంటుంది. కాయిల్ తీగ సరిగా కట్టకపోతే ఆ చైను దాన్ని రాసి రాసి తొక్క ఒలిచేస్తుంది. కాబట్టి కేసు విప్పే రోజు వస్తే, కాయిల్ మార్చే ముందు తీగను వేలితో తడిమి చూడమనండి. బిగించేటప్పుడు రోటర్‌కీ కాయిల్‌కీ మధ్య 0.2 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) చుట్టూ ఎక్కడైనా దూరేలా ఖాళీ ఉండాలి. ఒక పక్క ఆనుకుంటే కొత్త కాయిల్ కూడా నాలుగు రోజులకే అరిగిపోతుంది.

ఖమ్మం ఎండల్లో నీళ్లు పోసే బ్యాటరీ అయితే వేసవిలో పదిహేను రోజులకోసారి మూత తీసి చూడాలి. రెండు గీతల మధ్య ఉండేలా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. కుళాయి నీళ్లు, తాగే క్యాన్ నీళ్లు, యాసిడ్ ఇవేవీ పోయకండి. దాని గాలి గొట్టం కిందిదాకా దింపండి. లేకపోతే యాసిడ్ ఆవిరి మీ కొత్త కోటింగ్‌నే తింటుంది.

ఎర్త్ వైరు బిగించేదాకా రాత్రి ప్రయాణం తప్పదనుకుంటే ఫాగ్ లైట్ల వైరు ఊడదీసి వెళ్లండి. తర్వాత మీరు రాసుకున్న నాలుగు అంకెలూ నాకు పంపండి: విశ్రాంతిలో బ్యాటరీ వోల్టేజీ, రేస్‌లో వోల్టేజీ, ఎర్త్ వైపు తేడా, ప్లస్ వైపు తేడా. అవి చూశాక, కేసు విప్పాలో వద్దో ఇద్దరం కలిసే తేల్చుకుందాం.